హన్నా గారికి మనం ఇవ్వని అరగంట

నిన్న ఉదయం హన్నా గారి కూతురు వచ్చి మా తలుపు కొట్టింది. తల్లి నిద్రలోనే పోయిందని చెప్పింది.

చెప్పులేసుకుని వాళ్ల గేటు దాకా వెళ్లి, అక్కడే నిలబడిపోయాను.

ఈ దేశం వచ్చి ఫ్లాట్ బుష్ పేటలో దిగినప్పటి నుంచీ ఆమె మా పక్కిల్లు.

మధ్యాహ్నానికి మన తెలుగు సంఘం గ్రూపులో ఆమె ఫోటో పెట్టారు. "మన ప్రియమైన ఆంటీ" అట. కింద వరసగా దండం బొమ్మలు.

నేను గ్రూపులో ఎప్పుడూ రాయను. ఇవాళ రాస్తున్నాను.

ఆమె యూదురాలు. హాలెండ్‌లో పుట్టింది. హిట్లర్ మనుషులు ఆమె అమ్మానాన్నలను, చెల్లిని తీసుకెళ్లి చంపేశారు. ఈమె ఒక్కతే మిగిలింది. ఓపిక లేకపోయినా ఇక్కడి స్కూళ్లకు వెళ్లి పిల్లలకు అదంతా చెప్పేది.

పోయిన ఉగాదికి ఆమెను గెస్టుగా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు.

స్టేజీ మీద స్కిట్. కోపిష్ఠి మామగారి వేషం. ముక్కు కింద చిన్న మీసం, పేరు హిట్లర్ మామయ్య. ఆయన వచ్చినప్పుడల్లా కోడళ్లు చెయ్యి చాచి సెల్యూట్.

హాలంతా పగలబడి నవ్వింది. గట్టిగా మాట్లాడే ప్రతివాడికీ మనం పెట్టే పేరే కదా.

ఆమె నవ్వలేదు. లేచి వెళ్లలేదు కూడా. అయ్యాక సెక్రటరీని ఒక్కటే అడిగింది. మీ పిల్లలతో మాట్లాడటానికి అరగంట ఇమ్మని.

అతను ఆమె ఎదురుగానే నాతో తెలుగులో అన్నాడు.

"పండగ పూట చావు కబుర్లెందుకు అంకుల్. కామెడీని కామెడీలా తీసుకోమనండి ముసలమ్మని."

చివరికి దీపావళికి ఇచ్చారు. సరిగ్గా డిన్నర్ ముందు.

ఆమె మైకు పట్టుకోగానే వెనక బిర్యానీ మూతలు తీశారు. అందరూ ప్లేట్ల కోసం లేచారు.

"ఆంటీ, కొంచెం క్విక్‌గా కానివ్వండి, పిల్లలు ఆకలంటున్నారు" అని లైన్లోంచి ఒకావిడ.

ఆమె ఖాళీ కుర్చీలకు చెప్పింది. నేను విన్నాను. నా ఇంగ్లీషుకు అందింది ఇంతే. వాళ్లింటికి అటువైపు పక్కవాళ్లు అమ్మానాన్నలను పట్టించారు. ఇటువైపు వాళ్లు ఆమెను దాచారు.

ఇప్పుడు సంతాప సభకు హాలు బుక్ చేశారట.

దండలు వద్దు. ఆ అరగంట పిల్లలకు ఇవ్వండి. ఆమె కూతుర్ని అడిగాను, వచ్చి మాట్లాడతానంది. వంటలు ఆపి మీరూ కూర్చోండి. కుదరదంటే ఆ ఫోటో తీసేయండి.

హన్నా గారూ, ఇక పడుకోండి. మీకు శాంతి దొరకాలి.

మాకు ఇప్పుడే దొరకకూడదు.