నూకాలు మోసిన ఘటం

పూర్ణా మార్కెట్‌లో ఎండుచేపలు కొనేవాళ్ళలో నూకాలు నోటికి జడవనివాళ్ళు లేరు. బేరం మొదలెడితే అరగంట తిడుతుంది, ఆఖర్న గుప్పెడు నెత్తళ్ళు ఊరికే పడేసి పంపిస్తుంది. ముప్పై ఏళ్ళు ఒకే చెక్క పీట మీద కూర్చుని అమ్మింది. అలాంటి మనిషి యాభై మూడో ఏట ఆ పీట మీద కూర్చోలేకపోయింది. నిలబడి అమ్ముతుంటే పక్కవాళ్ళు నవ్వారు. నడుం నొప్పి అని చెప్పి వాళ్ళ నోళ్ళు మూయించింది.

నొప్పి నడుంలో కాదు. ముట్లుడిగి మూడేళ్ళయింది. ఏడాదిగా కింద ఒకటే మంట, కారం చేత్తో ముట్టుకున్నట్టు. దురద. ఒంటికి వెళ్ళొచ్చిన పావుగంటకి మళ్ళీ తరుముకొచ్చేది. జనాన్ని తోసుకుంటూ పోయి తిరిగొచ్చేసరికి బేరం పక్క బుట్ట దగ్గరికి పోయేది. ఆ బాధకి మంచినీళ్ళు తాగడం మానేసింది పిచ్చిది. దాంతో మంట ఇంకా పెరిగింది. మొగుడు జగ్గయ్య పక్కలోకి వస్తే పళ్ళు బిగపట్టి గోడవైపు తిరిగేది. జగ్గయ్య పోర్టులో కలాసీ, మాట మోటు. "ఎండిపోయిన కట్టెతో కాపరం నాది" అని పదిమందిలో అనేవాడు, అదేదో వేళాకోళం అన్నట్టు.

అయినా నూకాలు ముట్లుడిగినందుకు సంబరపడింది. దానికో కారణముంది. తొంభై అయిదులో జగ్గయ్య ఓడ మీద తాగిన మైకంలో తాడు వదిలేసి కింద సరుకు గదిలో పడ్డాడు. బతకడన్నారు. బతికితే పోలమ్మ పండగకి ఘటం మోస్తానని నూకాలు మొక్కుకుంది. వాళ్ళ కొండవాలు వీధిలో ఆ ఘటం ఎవరుపడితే వాళ్ళు మొయ్యడానికి లేదు. మొగుడు బతికున్న ఇల్లాలై ఉండాలి, ముట్లుడిగి ఉండాలి. ఏడాదికి ఒకరి వంతు. నలభై గడపలు తిరిగేదాకా నెత్తిమీద ఘటం దించకూడదు. ప్రతి గడప దగ్గరా ఇల్లాలు ఆమె కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోసి, ఆ జారిన నీళ్ళు కళ్ళకద్దుకుని, తీర్థంలా తాగుతుంది. ఆ ఒక్కరోజు ఆ మనిషే అమ్మవారు. మొగుడైనా సరే కాళ్ళ మీద పడాల్సిందే. ఎనిమిదేళ్ళ మొక్కు, వచ్చే పండగకి నూకాలు వంతు.

మంట ఎంతకీ తగ్గకపోతే దసరా వెళ్ళాక జగ్గయ్య మెడికల్ బుక్కు పట్టుకుని పోర్టు ఆసుపత్రికి పోయింది. డాక్టరమ్మ పరీక్ష చేసి మందు రాసింది. నర్సు అక్సా కూర్చోబెట్టి వాడే పద్ధతి చెప్పింది.

"సూడు నూకాలమ్మా, ముట్లుడిగాక ఒంట్లో హార్మోనని ఒకటి తగ్గిపోద్ది. దాంతో అక్కడ చర్మం పల్చబడి ఎండిపోద్ది, అందుకే మంట. ఇది ఆ హార్మోను కలిపిన క్రీము. ఎక్కడ తక్కువైందో అక్కడే రాసుకోవాలి. రెండు వారాలు రోజూ రాత్రి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. మానేస్తే మళ్ళీ మొదటికొస్తాది."

"మళ్ళీ నెల వచ్చీదేటమ్మా?"

"రాదు. ఎప్పుడైనా ఎరుపు కనిపిస్తే మాత్రం దాచుకోకుండా వచ్చి చెప్పు."

మందు ఆ రోజు కౌంటర్లో లేదు. రెండ్రోజుల తర్వాత డ్యూటీ దిగి జగ్గయ్యే సంతకం పెట్టి తెచ్చాడు. "ఏటే ఇది, పళ్ళు తోముకోడానికా?" అన్నాడు. నూకాలు సిగ్గుపడుతూనే చెప్పింది. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

నెల తిరిగేసరికి నూకాలు పీట మీద కూర్చుంది. ఎంత హాయి. కడుపునిండా మంచినీళ్ళు తాగింది. నిండా గంట కూర్చుని ఒక్కసారీ లేవకుండా బుట్ట ఖాళీ చేసిన రోజున ఇంటికొచ్చి ఒంటరిగా ఏడ్చింది, సంతోషంతో. ఇన్నాళ్ళూ ఒళ్ళు తనది కానట్టు బతికింది మరి. జగ్గయ్యా మురిసిపోయాడు. కట్టె మాట మళ్ళీ ఎత్తలేదు. మొదటి ట్యూబు అయిపోకముందే రెండోదానికి తనే వెళ్ళి వరసలో నిలబడ్డాడు.

వాళ్ళది ఉమ్మడి వాకిలి. ఇవతల గది నూకాలుది, అవతల గది తోటికోడలు, వాళ్ళ మాటలో యారాలు, కాశమ్మది. నీళ్ళగది ఇద్దరికీ ఒకటే. సంక్రాంతి వెళ్ళిన వారానికి నూకాలు తొందరలో ట్యూబూ, దాని పెట్టే నీళ్ళగది గూట్లో మర్చిపోయి మార్కెట్‌కి పోయింది. అవి కాశమ్మ కంటపడ్డాయి. కాశమ్మకీ ముట్లుడిగాయి, నూకాలు తర్వాతి ఏటి ఘటం ఆమెదే. అయినా తనకంటే ముందు యారాలి కాళ్ళ మీద ఊరు పడుతుందంటే ఆమెకి అన్నం సయించడం లేదు. ఇంటర్ చదివే కూతురు కీర్తనని పిలిచి పెట్టెలో కాగితం చదవమంది. ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోతూ ఇంగ్లీషుకి తెలుగు చెప్పింది. హార్మోను అంది. కొందరికి రక్తం కనిపించొచ్చు అంది. అది బహు అరుదు అని కింద లైనులో ఉంది. కాశమ్మ అక్కడిదాకా చదవనిస్తే కదా, రక్తం అన్న మాట దగ్గరే కాగితం లాక్కుంది.

సాయంత్రానికి వీధి వీధంతా గుప్పుమంది. నూకాలు మళ్ళీ పడుచుదవడానికి మందు వాడుతోందనీ, నెల వస్తోందనీ, ఆ మైలతోనే ఘటం ఎత్తబోతోందనీ. ఆదివారం గుడి అరుగు మీద పెద్దమనిషి చలమయ్య పిలిపించాడు. కాశమ్మ తెచ్చిచ్చిన ట్యూబుని చేటలో పెట్టారు, చేత్తో ముట్టడానికి ఒక్కడికీ ధైర్యం లేదు. చలమయ్య వేపపుల్లతో దాన్ని అటూ ఇటూ దొర్లించాడు.

"నూకాలూ, ఇదేటి?"

"మందు, పెద్దయ్యా. మంటకి."

"ఎక్కడ మంట?"

అరుగు మీద ఇరవైమంది మగాళ్ళున్నారు. ఒకడు కిసుక్కుమన్నాడు. మార్కెట్‌లో ఎవడైనా ఆ మాట అడిగుంటే నూకాలు వాడి ఏడు తరాలూ కడిగేసేది. ఇక్కడ తల వంచుకుంది. తలకొట్టేసినట్టయింది.

"సెప్పు. అమ్మోరి కాడ సిగ్గేటి?"

"నాను సెప్తాను పెద్దయ్యా" అని కాశమ్మ ముందుకొచ్చింది. "ఆడతనం తిరిగొచ్చే మందు అది. రగతం వత్తాదని దాని కాయితం మీదే రాసుంది. మా కీర్తన సదివింది."

"నెల ఆగి మూడేళ్ళు దాటింది" అంది నూకాలు. "ఒక్క సుక్క కనపడితే నా కాళ్ళు ఇరగ్గొట్టండి. ఆసుపత్రోళ్ళే ఇచ్చారు. కావాలంటే నా మొగుణ్ణడగండి."

చలమయ్య జగ్గయ్య వైపు తిరిగాడు. "ఏరా జగ్గా, నీకు తెలిసే జరిగిందా?"

నూకాలు మొగుడి మొహంలోకి ఆశగా చూసింది. ఎనిమిదేళ్ళ కిందట వీడి ప్రాణం కోసమే కదా ఇదంతా నెత్తికెత్తుకుంది.

"నాకేటి తెలుసు పెద్దయ్యా" అన్నాడు జగ్గయ్య. "ఆడోళ్ళ గొడవలు. ఆ ట్యూబు నాను సూళ్ళేదు."

రెండుసార్లు సంతకం పెట్టి తెచ్చిన చెయ్యి అది. ఆ చేత్తోనే మీసం సవరించుకున్నాడు.

చలమయ్య తీర్పు చెప్పాడు. ఘటం వదులుకుంటే మొక్కు తప్పినట్టు, మైల నిజమైనట్టు. మొయ్యాలంటే, ఘటం తన వంతున ఉన్నంత కాలం ఆ మందు ముట్టనని పోలమ్మ ముందు ఒట్టు పెట్టాలి. నూకాలు లెక్క వేసుకుంది. పండగ చైత్రంలో. మూడు నెలలు ఓర్చుకుంటే ఘటం కాశమ్మ వంతుకి పోతుంది, మొక్కూ తీరుతుంది, ఒట్టూ తీరుతుంది. కర్పూరం మీద చెయ్యేసి ఒట్టు పెట్టింది. ట్యూబుని చేటతో సహా మురిక్కాలవలో పారేశారు.

ఇంటికొచ్చాక అడిగింది. "అంత అబద్దమెందుకాడావు మావా?"

"నా పెళ్ళానికి అక్కడ మందేత్తన్నారని పదిమందిలో సెప్పుకోమంటావేటే" అన్నాడు జగ్గయ్య, అన్నం కలుపుకుంటూ. ఆ రాత్రి ఆమె వాడికి మారు వడ్డించలేదు.

మర్నాడు ఆసుపత్రికి పోయి అక్సాతో చెప్పుకుంది. అక్సా కోపంతో ఎర్రబడింది కానీ ఏం చేస్తుంది? "పండగ మర్నాడే రా. డాక్టరమ్మతో మళ్ళీ రాయిస్తాను" అంది. నూకాలు ఆ మాట పట్టుకుని బతికింది. ఫిబ్రవరి ఆఖరికి మంట తిరిగొచ్చింది. మార్చిలో మళ్ళీ పీట వదిలేసి నిలబడింది. పండగ మంగళవారం. బుధవారం పొద్దున్నే పోవడానికి మెడికల్ బుక్కుని సోమవారమే చేపల బుట్ట అడుగున దాచుకుంది.

పండగనాడు పొద్దున ఆరింటికి ఘటం నెత్తికెక్కింది. ముందు రోజు నుంచీ గుక్కెడు నీళ్ళు తాగలేదు. పసుపు చీర, వేపమండలు, డప్పులు. ఎండ మండిపోతోంది. అడుగు తీసి అడుగు వేస్తే తొడల మధ్య గరుకు కాగితం పెట్టి రుద్దినట్టుంది. పదో గడపకి కళ్ళు తిరిగాయి. ఇరవయ్యో గడపకి ఒంటికి తరుముకొచ్చింది. పక్కనే వేపకర్రతో నడుస్తున్న చలమయ్యని నోరు తెరిచి అడిగింది.

"పెద్దయ్యా, ఒక్క అయిదు నిమిషాలు. ఒంటికెల్లాల."

"దించితే ఊరికి కీడు. బిగబట్టుకో."

బిగబట్టుకుంది. ఇంకో ఇరవై గడపలు బిగబట్టుకుంది. పళ్ళ బిగువున నడుస్తుంటే కళ్ళవెంట నీళ్ళు కారాయి. అమ్మోరు పూనిందని జనం దండాలు పెట్టారు. ఆడంగులు బిందెలకొద్దీ చల్లటి నీళ్ళు కాళ్ళ మీద గుమ్మరించిన ప్రతిసారీ ప్రాణం పోయి వచ్చింది.

ఆఖరి గడప సొంత వాకిలి. కాశమ్మ పెద్ద బిందెతో కాచుకుని ఉంది. ఒక్కసారిగా ధార పోసింది. ఆ చల్లదనం పాదాలకి తగిలేసరికి ఇక ఆగలేదు. నూకాలు ఒంట్లోంచి వెచ్చగా, మంటమంటగా, తొడలవెంట దిగిపోయింది. తడిసిన పసుపు చీరలో, పసుపు నీళ్ళలో కలిసిపోయింది. డప్పుల హోరులో ఎవరికీ తెలియలేదు. నూకాలుకి తెలుసు.

కాశమ్మ కిందికి వంగింది. దోసిలితో పాదాల దగ్గర నీళ్ళు పట్టి కళ్ళకద్దుకుంది, మొహానికి పులుముకుంది, నెత్తిన చల్లుకుంది. కూతురు కీర్తననీ రెక్క పట్టి లాగింది గానీ ఆ పిల్ల దూరం నుంచే దండం పెట్టింది. చలమయ్య వచ్చి చేయి తడుపుకుని నుదుట రాసుకున్నాడు. జగ్గయ్య సాగిలపడి, అరచేతిలో పట్టి, మూడుసార్లు తీర్థం పుచ్చుకున్నాడు. గుటక వేసిన చప్పుడు నూకాలుకి స్పష్టంగా వినిపించింది.

అప్పుడు నవ్వొచ్చింది ఆమెకి. ఆపుకోలేదు. మూడు నెలల కసి అంతా నవ్వింది. ఘటం కదిలిపోయేలా నవ్వింది. ఒంటికి నిప్పు పెట్టినట్టుంటే నవ్వింది. ఒరే జగ్గా, తాగు, ఇంకో గుక్కెడు తాగు అని లోపల అనుకుంటూ నవ్వింది.

డప్పులు ఆగిపోయాయి. జనం నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే నేలకి ఒరిగారు. చలమయ్య వేపకర్ర కింద పెట్టి చేతులెత్తాడు.

"అరవయ్యేళ్ళుగా సూత్తన్నాను. అమ్మోరు నవ్వడం ఇదే మొదలు. ఇకమీద వంతుల్లేవు. ఒంట్లో ఓపికున్నంత కాలం గటం నూకాల్దే."

"అంతే పెద్దయ్యా" అంది కాశమ్మ. ఆమె మొహం ఇంకా తడిగానే ఉంది. "నా వంతు నాకొద్దు. నా యారాలే మొయ్యాల."

నూకాలు నవ్వు ఆగిపోయింది. ఘటం తన వంతున ఉన్నంత కాలం ఆ మందు ముట్టనని కర్పూరం మీద పెట్టిన ఒట్టు గుర్తొచ్చింది. నోరు తెరిచింది. మీరు తాగిందేమిటో చెబుతాను, అప్పుడు మోయిస్తారో లేదో చూద్దాం అనుకుంది. జగ్గయ్య ఇంకా అరచెయ్యి నాక్కుంటున్నాడు. చుట్టూ నలభై ఇళ్ళవాళ్ళు చేతులు జోడించి ఉన్నారు. చెబితే ఈ వాకిట్లోనే రాళ్ళతో కొట్టి చంపుతారు.

నోరు మూసుకుంది.

బుధవారం పొద్దున చేపల బుట్ట అడుగు నుంచి మెడికల్ బుక్కు తీసి జగ్గయ్య పెట్టెలో పెట్టేసింది. మార్కెట్‌కి పోయి, పీట పక్కకి తన్ని, నిలబడి అమ్మింది.