పట్టుకో మావయ్య

మా మావయ్య పని చేస్తున్నచోట ఎవరి చేతులూ ఖాళీగా ఉండకూడదు. ఆయన మెకానిక్. ఇంటి ముందు రేకుల షెడ్డులో మోటార్‌సైకిళ్ళు బాగుచేస్తాడు. బండి అప్పజెప్పి కాసేపు కూర్చుందామని ఎవరైనా బల్ల వైపు అడుగేస్తే చాలు, "ఇది కాస్త పట్టుకోండి" అంటాడు. అనేటప్పుడు నవ్వడు. అసలు ఆయన నవ్వగా చూసినవాళ్ళు మా ఇంట్లో లేరు. ఆపరేషన్ మధ్యలో డాక్టరు కత్తి అడిగినంత గంభీరంగా అంటాడు కాబట్టి పట్టుకోవాలా వద్దా అని ఆలోచించే వ్యవధి ఎవరికీ ఉండదు. చేతిలో ఉన్నది జిడ్డోడుతున్న నట్టు అని పట్టుకున్నాకే తెలుస్తుంది. పిల్లలమంతా కలిసి ఆయనకి పట్టుకో మావయ్య అని పేరు పెట్టాం.

ఒకసారి మా ఇంట్లో బల్బు మార్చడానికి వచ్చాడు. అమ్మ చేతిలో కొత్త బల్బు, నా చేతిలో పాత బల్బు, నాన్న చేతిలో స్టూలు కాలు పెట్టాడు. ఇక నావల్ల ఏమవుతుందిలే అని మంచం దిగడం మానేసిన అమ్మమ్మని లేపి, ఆవిడ చేతికి టార్చిలైటు ఇచ్చాడు.

"పట్టపగలు టార్చెందుకు అన్నయ్యా?" అంది అమ్మ.

"ఉండనీ" అన్నాడు.

నేను లైటు పట్టకపోతే మావాడికి ఏమీ కనిపించేదే కాదని అమ్మమ్మ ఆ రోజంతా వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పుకుంది.

పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, నోరు తెరిచేముందు కళ్ళజోడు తీసి డాక్టరు చేతిలోనే పెట్టాడు. ఆ డాక్టరు ఒక చేత్తో కళ్ళజోడు, ఒక చేత్తో పటకారు పట్టుకుని మూడో చెయ్యి కోసం వెతుక్కున్నాడట. ఇంకోసారి రోడ్డు మీద బళ్ళు పెడుతున్నాడని గద్దించడానికి ఓ ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు. "పడితే మళ్ళీ దొరకదు సార్" అని మావయ్య ఆయన అరచేతిలో ఓ బుల్లి స్ప్రింగు పెట్టాడు. ఇన్‌స్పెక్టరుగారు ఊపిరి గట్టిగా తీస్తే ఎగిరిపోతుందేమో అన్నట్టు నిలబడి, పనయ్యాక స్ప్రింగు భద్రంగా అప్పజెప్పి, వచ్చిన సంగతి మర్చిపోయి జీపెక్కాడు.

ఎదురు షాపు టైలరు మాత్రం మండిపడేవాడు. "దేవుడు ఆయన చేతులు కొన్ని పొరపాటున నా ఒంటికి తగిలించాడు" అనేవాడు. అంటూనే టేపు మెడలో వేసుకుని రోడ్డు దాటి వచ్చేవాడు.

బావ బండి మీంచి పడకపోయి ఉంటే ఆ అలవాటుని తలుచుకుని నవ్వుకోవడంతోనే మేమంతా సరిపెట్టుకునేవాళ్ళం.

బావ అంటే మా అక్క భర్త. మందుల కంపెనీలో పని. రోజంతా తిరిగి డాక్టర్లని కలవాలి, బండి లేకపోతే ఆ ఉద్యోగమే లేదు. ఓ సాయంత్రం అక్కని వెనక ఎక్కించుకుని వంతెన ఎక్కుతుంటే, అరిగిపోయిన చైను లాకు ఊడి, చైను చక్రంలో ఇరుక్కుంది. ఇద్దరూ పడ్డారు. బావకి మోచెయ్యి గీరుకుంది. అక్కకి మణికట్టు విరిగింది.

కట్టు విప్పాక అక్క చెయ్యి మామూలైంది. బావే మామూలు కాలేదు. చైను చప్పుడు చేస్తోందని ఆయనకి ముందే తెలుసు. రేపు చూపిద్దాం, ఎల్లుండి చూపిద్దాం అని నాన్చాడు. ఇప్పుడు బండికి పట్టా కప్పేసి బస్సుల్లో తిరుగుతున్నాడు. సగం మంది డాక్టర్లని కూడా కలవలేకపోతున్నాడని, ఆయన ఏరియా వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని కంపెనీవాళ్ళు చెప్పేశారు. నన్ను వెంటబెట్టుకుని అక్క మావయ్య దగ్గరికి వెళ్ళి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"బండి తోసుకు రమ్మను" అన్నాడు మావయ్య.

"ఆయన దాన్ని ముట్టుకోరు మావయ్యా. అమ్మేస్తానంటున్నారు."

"అమ్మడానికైనా చైనుండాలిగా. నాకు పట్టుకోవడానికి మనిషి లేడు, సాయం రమ్మన్నానని చెప్పు."

సాయం అన్నాక బావ రాక తప్పలేదు. బండి తోసుకుంటూ వచ్చాడు. చైను కంటే మనిషే ఎక్కువ అరిగిపోయినట్టున్నాడు. నాకు చాలా జాలేసింది.

మావయ్య ప్రమాదం ఊసెత్తలేదు. ఇంజను పక్కనున్న మూత విప్పి చిన్న పళ్ళచక్రం చూపించాడు. పళ్ళన్నీ ఒక పక్కకి వాలి కొక్కేల్లా ఉన్నాయి.

"చైనొక్కటి వెయ్యండి మావయ్యగారూ. ఎలాగూ అమ్మేసేదే" అన్నాడు బావ.

"ముందు పళ్ళచక్రం, వెనక పళ్ళచక్రం, చైను మూడూ కలిసి అరిగాయి అల్లుడుగారూ. మూడూ కలిసే మారాలి. పాత పళ్ళ మీద కొత్త చైను వేస్తే దాన్నీ పాడుచేస్తాయి."

పాత చైనునే తాత్కాలికంగా కలిపాడు. చిన్న పళ్ళచక్రం నట్టు విప్పుతుంటే దాంతోపాటు వెనక చక్రమూ తిరిగిపోతుంది కాబట్టి ఎవరో ఒకరు బ్రేకు నొక్కి పట్టుకోవాలి. "ఇది కాస్త పట్టుకోండి" అన్నాడు. బావ ఆ బ్రేకు వంక పాముని చూసినట్టు చూశాడు. తర్వాత కింద కూర్చుని, రెండు చేతులతో నొక్కాడు. నట్టు కదిలింది.

ఇంక మావయ్య ఆగలేదు. ఇరుసు పట్టుకోండి, చక్రం పట్టుకోండి, ఈ పళ్ళచక్రం పట్టుకోండి, ఈ నట్లు పట్టుకోండి. బావ చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. మధ్యలో టైలరు అలవాటుకొద్దీ రోడ్డు దాటి వస్తే, "ఇవాళ మనిషున్నాడు" అని వెనక్కి పంపేశాడు. టైలరు చిన్నబుచ్చుకున్నాడు.

చివరికి కొత్త చైను రెండు కొసలూ ఎదురెదురుగా వచ్చాయి. వాటిని కలిపి ఉంచే లాకు గోరంత ఉంటుంది. ఆ రోజు ఊడింది అలాంటిదే. మావయ్య దాన్ని బావ అరచేతిలో పెట్టాడు.

"మీరు పెట్టండి మావయ్యగారూ."

"నా చేతులు జిడ్డుగా ఉన్నాయి."

మావయ్య చేతులు జిడ్డుగా లేని రోజు మా వంశంలో ఎవరూ చూడలేదు.

"మూసి ఉన్న కొస ముందుకి. చైను పరిగెత్తే వైపు" అన్నాడు.

బావ చక్రాన్ని చేత్తో తిప్పి ఎటు పరిగెడుతోందో చూశాడు. మళ్ళీ తిప్పి మళ్ళీ చూశాడు. పటకారుతో లాకు నొక్కాడు. టిక్కుమంది.

"లాగి చూడండి."

లాగాడు.

"ఊడుతుందా?"

"ఊడదు."

"ఎవరు పెట్టారు?"

బావ లాకుని ఇంకోసారి లాగి చూశాడు.

"నేనే" అన్నాడు బావ.

మావయ్య చక్రం సరిచూసి, నట్లు బిగించి, చైను వదులు చూసి, బ్రేకు తొక్కి చూసుకున్నాడు. "వీధి చివరిదాకా వెళ్ళి రండి, చప్పుడు వినాలి" అని, బావ చేతులు తుడుచుకుంటున్న గుడ్డపీలిక తీసుకుని, "ఇది నేను పట్టుకుంటాను" అన్నాడు. ఆయన ఒకరి కోసం ఏదైనా పట్టుకోవడం మేం చూడటం అదే మొదలు. బావ నెమ్మదిగా వెళ్ళాడు. వీధి చివర ఆగకుండా మలుపు కూడా తిరిగి వచ్చాడు. పట్టా మళ్ళీ బండెక్కలేదు. ఏరియా బావ చేతుల్లోనే ఉండిపోయింది.

కొన్నాళ్ళకి ఓ మధ్యాహ్నం అక్క ఇచ్చిన కూర గిన్నెతో షెడ్డుకి వెళ్ళాను. మావయ్య ఒక్కడే వేరే బండి చైను మారుస్తున్నాడు. వంచిన ఇనుప కడ్డీ ఒకటి, పై కొస బండికి తగిలించి ఉంది, కింది కొస బ్రేకుని అదిమి పట్టుకుంది. వాడివాడి అద్దంలా నునుపెక్కింది.

"ఇదేంటి మావయ్యా?"

"కొక్కెం."

"ఎప్పట్నించి ఉంది?"

"షెడ్డు వేసినప్పట్నించి."

"మరి బావనెందుకు..."

ఆయన స్పానరు నట్టుకి తగిలించాడు. నాకు పట్టపగలు అమ్మమ్మ పట్టుకున్న టార్చి గుర్తొచ్చింది.

అంతలో వీధిలో బావ బండి ఆగింది. మావయ్య చటుక్కున కొక్కెం ఊడదీసి నాకిచ్చాడు. "ఇది పట్టుకో. వీపు వెనక."

బావ లోపలికొచ్చి, నట్టు మీదున్న స్పానరు చూసి, ఎవరూ చెప్పకుండానే చొక్కా చేతులు మడిచి, కింద కూర్చుని బ్రేకు నొక్కాడు.

"నేను రాకపోతే పని ఆగిపోయేదేగా" అన్నాడు నాతో, కాస్త గర్వంగా. "ఓ మనిషిని పెట్టుకోకూడదా మావయ్యగారూ?"

"దొరకడం లేదు అల్లుడుగారూ" అన్నాడు మావయ్య గంభీరంగా.

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. కొక్కెం జిడ్డు నా డ్రెస్సు వెనకంతా అంటుకుంటోంది. బావ వెళ్ళేదాకా పట్టుకునే ఉన్నాను.