అత్త ఇల్లు ఉన్న ఎత్తు

మొన్న చలికాలంలో జహీరాబాద్ బయటి ఎర్రరాయి గనిని పార్కు చేశారని తెలిసి మా మేనత్త నా ప్రాణం తోడేసింది. ఆమె కాపురం చేసింది ఆ గని అంచునే. చిన్నకొడుకు పుట్టిన ఇంటి జాగా ఒక్కసారి చూసి రావాలని ఆమె పట్టు. మోకాళ్ల నొప్పులని గుడికి కూడా రాని మనిషి, ఆ రోజు నాకంటే ముందే చెప్పులు తొడుక్కుని వాకిట్లో నిలబడింది. అక్కడ ఏమీ మిగిలి ఉండదని నాకు భయంగానే ఉన్నా, ఆటో పిలిచాను.

డెబ్బైల చివర్లో వేసవి సెలవులకు మా ఊరు న్యాల్‌కల్ నుంచి బస్సెక్కి అక్కడికే వెళ్లేదాన్ని. రాయి కోసేవాళ్ల గుడిసెలు వరసగా ఉండేవి. ఆ రాయి నేలలో ఉన్నంతసేపూ మెత్తన, పైకి తీసి ఎండకు పెడితే గట్టిపడుతుంది. మామ ఎంత రుద్దుకుని స్నానం చేసినా చెవుల వెనక ఎర్రగానే ఉండేవాడు. గుంత పెరుగుతూ గుడిసెల దాకా వస్తే, వాటిని విప్పుకుని వెనక్కి జరిగేవారు. పాత పొయ్యి ఉన్నచోట మర్నాడే గడ్డపార దిగేది. అది వింతని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఒక్కసారి మాత్రం అత్త ఆ చిన్నకొడుకును కని పచ్చి బాలింతగా ఉన్నప్పుడు గుంత ఆమె గోడ దాకా వచ్చింది. పురుడు వెళ్లేదాకా బాలింతను కదిలించేది లేదని మామ అడ్డం నిలబడితే, తోటివాళ్లు ఆ గుడిసెను వదిలేసి మూడు వైపులా కోసుకుంటూ పోయారు. పిల్లవాడు గడ్డపార చప్పుళ్లకు హాయిగా నిద్రపోయేవాడు. అందరూ అన్నాలకు ఆగితే చాలు, లేచి ఆరున్నొక్క రాగం అందుకునేవాడు. అత్త విసిగిపోయి, జల్ది తిని పనిలోకి దిగమని మామను తరిమేది. పురుడు వెళ్లిన మర్నాడు ఆ ఇల్లూ జరిగింది. ఎనభైల్లో పని తగ్గి అందరూ తలో దిక్కయ్యారు. మామ కూడా పోయి చాలా ఏళ్లయింది.

పార్కు గేటు లోపల గడ్డపార పట్టిన మనిషి బొమ్మ ఉంది. అత్త దాన్ని ఎగాదిగా చూసి, ఇంత సాఫు అంగీ మీ మామకు పెండ్లినాడు కూడా లేదని నవ్వింది. గుంత అంచున వేసిన కటకటాల దగ్గరికి వెళ్లగానే ఆ నవ్వు ఆగిపోయింది. కింద లోతైన ఎర్రటి గుంత, అడుగున గడ్డి, ఆడుకుంటున్న పిల్లలు.

"ఇండ్లు తవ్వుకునే బతికినం బిడ్డా. ఒక్కటన్న మిగుల్చుకోకపోతిమి" అంది.

ఎందుకు తీసుకొచ్చానా అనిపించింది. చేయి పట్టుకుని మెట్లు దింపాను. గుంత నడుమ ఎత్తైన రాతి దిమ్మె ఒకటి నిలబడి ఉంది. ఎంత లోతు కోశారో తెలియడానికి అలా ఒకటి ముట్టకుండా వదలడం రాయి కోసేవాళ్ల పద్ధతి. దాని నెత్తిన ఒకప్పటి నేల అలాగే ఉంది, కాస్త గడ్డితో. అత్త దాని వంక చాలాసేపు చూసింది. తర్వాత నా చేయి వదిలేసి ఎడమకు నడిచింది, ఇంకొంచెం జరిగింది, పిల్లల మధ్యకు పోయి ఆగి చేయి పైకెత్తింది.

"గా గడ్డి ఉన్నంత ఎత్తుల సూడు. గాడ గడప, గీడ పొయ్యి. చిన్నోడు పుట్టింది గిక్కడ్నే, మన నెత్తి మీద."

పిల్లలు ఆట ఆపి పైకి చూశారు. నేనూ చూశాను. ఎండ తప్ప ఏమీ లేదు. అత్త మాత్రం ఇంకా చేయి దించలేదు, మొహం నిండా నవ్వు. గడిచిన కాలమంతా కాళ్ల కింద ఎక్కడో పూడిపోయి ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. మా అత్తది తల పైన ఉంది.