చిన్న ఇంటి వాటా

పదకొండేళ్ల నాలుగు నెలలుగా ఒక లెక్కను మోస్తున్నాను. అందులో కూడికలు తప్పలేదు. ఎవరు ఎన్నిసార్లు కూడినా మొత్తం సరిపోతుంది. అందుకే దాన్ని ఎవరూ పట్టుకోలేదు.

ములకలపల్లి దగ్గరి ఒక బడిలో నేను ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పాను. రాజమ్మ అక్కడ ఆయా. బొగ్గుగనిలో కాంట్రాక్టు పని చేసిన భర్త పోయాక ఆమె ఒక్కతే. నాకూ ఎవరూ లేరు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే వరండాలో టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్లం. పని మానేశాక తెలిసినవాళ్లం పదిమందిమి ఒకచోట ఇళ్లు కట్టుకుని, ఒకే వంటింట్లో వండుకు తినాలన్న ఆలోచన ఆమెది. అందరూ నాదనుకున్నారు. నేను కాదనలేదు.

ఖమ్మంలో ఖానాపురం హవేలి చివర స్థలం దొరికింది. పది ఇళ్లు. ఎనిమిది ఇళ్లు ఎనిమిది వందల చదరపు అడుగులవి. పుస్తకాలకు ఒక గది ఎక్కువ కావాలని నాది పన్నెండు వందలు వేయించుకున్నాను. రాజమ్మది నాలుగు వందలు. ఒక గది, ముందు చిన్న వరండా. స్థలంతో కలిపి ఆమె ఇంటికి ఐదు లక్షలు. ఇవి కాక ఉమ్మడి వంటిల్లు, భోజనాల హాలు, బోరు, ప్రహరీ కలిపి ముప్ఫై లక్షలు. ఎవరి ఇల్లు ఎంత ఉంటే ఆ మేరకు ఈ ఖర్చు పంచుకుందామని మొదటి రోజే నోటిమాటగా అనుకున్నాం. ఆ ప్రకారం రాజమ్మకు లక్షన్నర, నాకు నాలుగున్నర, మిగతావాళ్లకు మూడేసి. ఆమె దగ్గర ఆరున్నర లక్షలున్నాయి. సరిగ్గా అంతే.

పద్దు రాసే పని నాకిచ్చారు. నేను ఒక్కో ఇంటికి సమానంగా మూడు లక్షలు అని రాశాను.

ఊళ్లో బోనాలకైనా బోరు మరమ్మతుకైనా చందా ఇంటికింత అనే వేస్తారు. ఆ మాట వింటేనే న్యాయంగా తోస్తుంది. పైగా ఎనిమిది ఇళ్లకు ఒక్క రూపాయి తేడా రాలేదు, వాళ్లంతా తలలూపారు. మారింది రెండిళ్లకే. నాకు లక్షన్నర తగ్గింది, ఆమెకు లక్షన్నర పెరిగింది. ఆ డబ్బు నాకు అవసరమా? కాదు. బ్యాంకులో ఊరికే ఉంది. మరెందుకు చేశాను? పెద్ద ఇల్లు కావాలి, దానికి తగ్గట్టు ఇవ్వడం మాత్రం ఇష్టం లేదు. ఇంతకన్నా మర్యాదైన కారణం ఏదైనా ఉందేమోనని ఇన్నేళ్లూ నాలో నేను వెతుక్కున్నాను. లేదు.

పద్దు చదివి వినిపించిన రోజు, అందరూ వెళ్లాక రాజమ్మ జంపఖానా మడుస్తూ అడిగింది.

"టీచరమ్మా, ఇల్లెంతుంటే గంత అనుకున్నం గదా మొదట్ల?"

"వంటిల్లు అందరం ఒకేలా వాడుకుంటాం కదా రాజమ్మా."

"అవ్, గదీ నిజమే." మడిచిన జంపఖానా చంకన పెట్టుకుంది. "మీరు రాసిన్రంటే ఇంక తప్పేముంటది. నా దగ్గరైతే గన్ని పైసలు లేవు. పోనీ తియ్యండ్రి. వంటకు మనిషి కావాల్నంటున్రు గదా, నేనొస్త. ఇల్లు రాకున్నా పొయ్యన్న దొరికె."

నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకింకా గుర్తుంది, ముఖ్యంగా నాది.

ఇళ్లు తయారై పదేళ్లయింది. ఊరి అవతల కిరాయి గది నుంచి ఆమె పొద్దున్నే షేర్ ఆటోలో వచ్చి, మాకు వండిపెట్టి, సాయంత్రం వెళ్తుంది. కిరాయి రెండున్నర వేలు, ఆటోకి నెలకు వెయ్యి. మొదటేడాది ధరలే వేసినా నలభై మూడో నెలకు లక్షన్నర దాటింది. ఇప్పటికి నాలుగు లక్షల ఇరవై వేలు. నా వల్ల ఆమెకైన ఖర్చును ప్రతి నెలా ఒకటో తారీఖున మనసులో కూడుతూ, ఆమె వడ్డించిన అన్నమే తిన్నాను. ఆ చిన్న ఇంటిని వేరొకరు కొన్నారు. ఎక్కువ రోజులు తాళమే. ఎవరూ చెప్పకపోయినా రాజమ్మ దాని వరండా ఊడ్చి, అక్కడే కూర్చుని గోంగూర తుంచుతుంది. నా కిటికీలోంచి కనబడుతుంది.

క్షమించమని అడగను. అడిగితే వెంటనే "పోనీ తియ్యండ్రి" అంటుంది. అంత సులువుగా బయటపడే హక్కు నాకు లేదు.

ఈ పొద్దున పాత పద్దు పుస్తకం తీశాను. నా పట్టిక కింద మళ్లీ రాశాను. రాజమ్మ, లక్షన్నర. నేను, నాలుగున్నర. తక్కిన ఎనిమిది ఇళ్లు, మూడేసి. మొత్తం ముప్ఫై. దాని కింద, మొదటి లెక్క తెలిసే మార్చానని రాసి సంతకం చేశాను. పుస్తకం భోజనాల హాల్లో, అందరూ కూర్చునే బల్ల మీద తెరిచి పెట్టి వచ్చాను.

వంటింట్లోంచి తాలింపు వాసన వస్తోంది. ఇంకాసేపట్లో రాజమ్మ పిలుస్తుంది. ఏమవుతుందో తెలియదు. ఊపిరి మాత్రం నిండుగా ఆడుతోంది.