రెండు చొక్కాల రేడియో

చిన్నప్పుడు నిద్రలో కూడా మాట్లాడేదని ఇంట్లో ఆమెకి రేడియో అని పేరు పెట్టారు. పెద్దయ్యాక ఆ మాటలే కూడు పెట్టాయి. ఫోన్లమ్మే పెద్ద షాపులో నీలం కంపెనీ తరఫున ఆరేళ్లు నిలబడింది. జీతం షాపుది కాదు, కంపెనీది. అందుకే ఒంటిమీద చొక్కా కంపెనీ రంగుదే, నోట్లో మాటా కంపెనీదే. అలాంటివాళ్లు షాపులో నలుగురుంటారు, తలా ఒక బల్ల. ఎవరు పట్టిన కుందేలుకి వాళ్లు మూడే కాళ్లంటారు.

"నారింజవాళ్ల ఫోనా? పది నిమిషాలు మాట్లాడితే పెనంలా కాలుతుందండీ," అనేది ఆ రోజుల్లో.

పోయిన నెలలో నీలం కంపెనీ మనుషుల్ని తగ్గించింది. నారింజవాళ్లు పిలిచారు. అదే షాపు, పది అడుగుల అవతల బల్ల. మూడు రోజుల శిక్షణలో కొత్త పాఠం వచ్చేసింది. "నీలంవాళ్ల కెమెరా ఏముందండీ, మనిషి మొహానికి సున్నం కొట్టినట్టు చూపిస్తుంది."

చెప్పడం కష్టం కాలేదు. వినడమే కష్టమైంది. నీలం బల్ల దగ్గర తక్కువ జీతానికి కొత్తగా చేరిన అమ్మాయికి పాఠాలన్నీ రేడియో తయారు చేసినవే ఇచ్చారు. ఆ పిల్ల అక్కడ గడగడా చెబుతుంటే, ఇక్కడ రేడియోకి "నిజమే కదా" అనిపించేది. తిరిగి తన బల్ల దగ్గర తను చెప్పేది వింటే అదీ నిజమే అనిపించేది.

"నవ్వకక్కా, నీ మాటలే నాకు అప్పజెప్పారు," అనేది ఆ పిల్ల.

"నవ్వట్లేదే. ఇందులో నేను ఎక్కడున్నానా అని వెతుక్కుంటున్నా."

అలాంటి ఒక మధ్యాహ్నం ఎదురింటి పిన్ని వచ్చింది. బాబాయి పోయి ఏడు నెలలు. ఆ ఇంట్లో సీలింగ్ ఫ్యాను నుంచి టార్చిలైటు దాకా ఆయన కొన్నవే. పిన్ని తుడవడమే తప్ప కొనడం ఎరగదు. నాలుగేళ్ల క్రితం రేడియో మాట మీద ఆయన కొనిచ్చిన ఫోను మొన్న చచ్చిపోయింది.

"చొక్కా మారిందేమే?" అంది పిన్ని.

"కంపెనీ మారాను పిన్నీ."

"సరే, మంచిదేదో చెప్పు, తీసుకుపోతా."

"ఇదే పిన్నీ, బ్యాటరీ రెండు రోజులు..."

పిన్ని సంచిలోంచి మడత కాగితం తీసి బల్ల మీద పరిచింది. బాబాయి చేతిరాత. "నీలం - మంచిది. నారింజ - వద్దు, కాలుతుంది. రేడియో చెప్పింది."

"ఆయన ఏది కొన్నా ఇలా రాసి పెట్టేవాడు. ఇదీ నీ మాటే, అదీ నీ మాటే. నాకు అడగడానికి ఇంకెవరున్నారే? ఏది నిజమో ఒక్కటి చెప్పు."

రేడియో ఆ కాగితం మళ్లీ చదివింది. నారింజ మంచిదంటే పోయిన మనిషి రాత అబద్ధమవుతుంది. నీలం అంటే ఉన్న ఉద్యోగానికి నీళ్లొదులుకోవాలి. అదీ కాదు అసలు చిక్కు. ఏది మంచిదో చెప్పేద్దామని లోపల వెతికితే అక్కడ ఏమీ దొరకలేదు.

"తెలీదు పిన్నీ," అంది. "అప్పుడూ తెలుసనే చెప్పాను. ఇప్పుడూ తెలుసనే చెబుతున్నాను. నిజంగా తెలీదు."

పిన్ని కాగితం వంక చూసింది. "బాబాయికీ తెలీకే నిన్ను అడిగాడన్నమాట. అన్నీ తెలిసిన మనిషనుకున్నానే నేను."

కాగితం పక్కకి జరిపి అంది, "నాకు కావలసింది వినబడ్డం. నువ్వు ఆ మూలకి పోయి నాతో మాట్లాడు."

నీలం బల్ల అమ్మాయి ఒక ఫోను తెచ్చింది, రేడియో ఒకటి ఇచ్చింది. పిన్ని స్టూలు మీద కూర్చుని ఒకటి తర్వాత ఒకటి చెవికి ఆనించుకుంది. రేడియో మూలన గోడవైపు తిరిగి తన సొంత ఫోన్లోంచి, "బాగున్నారా పిన్నీ, భోంచేశారా పిన్నీ," అని రెండుసార్లూ అవే మాటలు చెప్పింది.

"ఇందులో నీ గొంతు సన్నగా ఉంది. అందులో లావుగా ఉంది. అసలు నీ గొంతు ఏదే?"

"నాకేం తెలుసు పిన్నీ, నా గొంతు నేనెప్పుడు విన్నాను?"

పిన్ని నవ్వింది. ఏడు నెలల్లో ఆ నవ్వు రేడియో చూడలేదు. "లావుగా ఉన్నదే ఇవ్వు. నా చెవికి అదే ఆనింది."

అది నారింజది. పిన్ని పెన్ను అడిగి, బాబాయి రాత కింద వంకర అక్షరాలతో రాసింది. "నారింజ - వినబడింది. నేనే చూశాను."

"పైన 'వద్దు' అని ఉంది కదా, కొట్టెయ్యరా?"

"ఆయన రాసింది నేనెందుకు కొట్టేస్తానే," అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది పిన్ని.

ఆవిడ మెట్లు దిగుతుండగానే ఇంకో ఆయన వచ్చి బల్ల మీద మోచెయ్యి ఆనించాడు. "ఈ రెండింట్లో ఏది మంచిదమ్మా?"

రేడియో నోరు తెరిచింది. అవతల బల్ల దగ్గర ఆ పిల్ల ఎవరికో, "పెనంలా కాలుతుందండీ," అంటోంది. ఎంత నమ్మకంగా చెబుతోందో అనుకుంటూ, రేడియో అలా వింటూ నిలబడిపోయింది.