నాలుగో సెమిస్టర్ కోసం ఒక బస్సు ప్రయాణం

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం ఉదయం ఆరుంపావుకు ఇర్వింగ్‌లో మా ఇంటి దగ్గరి స్టేషన్‌లో లోకల్ రైలెక్కి, నేనూ మా అమ్మాయి నిత్యా డాలస్ చేరాం. అక్కడి నుంచి ఏడున్నరకు బస్సు. దక్షిణంగా మూడు గంటల దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీ ఊరికి వెళ్లాలి. మా కారు ట్రాన్స్‌మిషన్ పోయి మెకానిక్ దగ్గర పడి ఉంది. లేకపోతే టెక్సస్‌లో బస్సెక్కే అవసరం ఎవరికొస్తుంది?

నిత్య డిగ్రీలో మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివింది. ఆగస్టులో ఆ యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుతోంది. తీసుకున్నది జాగ్రఫీ. అది చాలదన్నట్టు సైన్యంలో ఆఫీసర్ అవుతానంది. ఇక్కడ యూనివర్సిటీలోనే చదువుతో పాటు సైనికాధికారి శిక్షణ కూడా ఇస్తారు. స్కాలర్‌షిప్‌కు ఎంపికైతే ఫీజులు సైన్యమే కడుతుంది. డిగ్రీ అయ్యాక కొన్నేళ్లు యూనిఫాం వేసుకోవాలి. ఈ విషయం మీద మా ఇంట్లో రెండు నెలల పాటు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. చివరికి మా ఆయన నన్ను పక్కకు పిలిచి, "మధ్యలో వచ్చి చేరేవాళ్లకి అది రావడం కష్టమట. కుదరదని వాళ్లే చెప్తారు. నువ్వు తోడు వెళ్లిరా, చాలు" అన్నారు. ఆ మాట పట్టుకునే బయలుదేరాను.

ఫోన్‌లో కనుక్కోవచ్చు కదా అంటారేమో. కనుక్కున్నాం. ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు.

బస్సులో ఏసీకి వేళ్లు కొంకర్లు పోయాయి. పక్క సీటులో కూర్చున్న పెద్దాయన ఎక్కడికని అడిగితే చెప్పాను. ఆయన నవ్వి, "మా తమ్ముడు ఇరవై ఏళ్లు ఆర్మీలో చేశాడు. ఆ కాగితాల కంటే యుద్ధమే నయమనేవాడు" అన్నాడు. అప్పుడు నేనూ నవ్వాను.

బస్సు అరగంట ఆలస్యంగా, ఊరి బయట ఒక పెట్రోల్ బంకు ముందు దింపింది. అక్కడి నుంచి కాంపస్ దాకా ఫుట్‌పాత్ లేదు. గడ్డిలో నడుస్తుంటే ట్రక్కులు మా చెవుల పక్క నుంచి దూసుకుపోయాయి.

శిక్షణ ఆఫీసు పాత జిమ్ కింద, నేలమాళిగలో ఉంది. కెప్టెన్ లేచి నిలబడి కరచాలనం చేశాడు. మొదటి రెండేళ్ల శిక్షణ లేకపోయినా ఫరవాలేదనీ, వేసవిలో ఒక నెల క్యాంపు చేస్తే సరిపోతుందనీ చెప్పాడు. నేను విందామని వచ్చింది ఇది కాదు. తర్వాత, "ఇంకా ఎన్ని సెమిస్టర్ల చదువు మిగిలిందో డిపార్ట్‌మెంట్ అడ్వైజర్ సంతకంతో తెండి" అన్నాడు.

అడ్వైజర్ ఆఫీసుకు వెళితే, పాత కాలేజీలో పూర్తిచేసిన కోర్సుల క్రెడిట్లను ముందు ట్రాన్స్‌ఫర్ ఆఫీసు లెక్కగట్టాలన్నారు. ట్రాన్స్‌ఫర్ ఆఫీసులో, అది డిపార్ట్‌మెంట్ పని అన్నారు. రెండు భవనాల మధ్యా ఒక పెద్ద పార్కింగ్ లాట్, నడినెత్తిన ఎండ. తిరిగి వచ్చేసరికి అడ్వైజర్ అద్దం తలుపు వెనక ఖాళీగా కూర్చుని కనిపిస్తోంది. రిసెప్షన్‌లో కుర్రాడు మాత్రం, "అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. తర్వాతి స్లాట్ రెండు వారాల తర్వాత" అన్నాడు.

"ఆవిడ అక్కడే ఉందిగా!" అన్నాను.

"అమ్మా, ప్లీజ్, నేను అడుగుతా" అని నిత్య నా చేయి పట్టుకుంది. ఫుడ్ కోర్ట్ మూసి ఉంది. మెట్ల మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఎవరిదో అపాయింట్‌మెంట్ కాన్సిల్ అయి, రెండు గంటలకు లోపలికి పిలిచారు.

కంప్యూటర్ చూడగానే అడ్వైజర్ మొహం విప్పారింది. "కంగ్రాచులేషన్స్! హైస్కూల్‌లోనే చాలా కాలేజీ క్రెడిట్లు తెచ్చుకున్నావు. మూడు సెమిస్టర్లలో డిగ్రీ చేతికొస్తుంది."

సంతోషంగా ఆ కాగితం పట్టుకుని నేలమాళిగకు వెళ్లాం. కెప్టెన్ చదివి, బాధగా తలెత్తాడు. "స్కాలర్‌షిప్‌కు కనీసం నాలుగు సెమిస్టర్లు మిగిలి ఉండాలి, మేడమ్. మూడంటే కుదరదు."

ఏ మాట కోసం వచ్చానో ఆ మాటే. హాయిగా ఊపిరి పీల్చుకుని ఇంటికి రావలసింది. కానీ నాకు ఒళ్లు మండిపోయింది. "ఎక్కువ చదివినందుకా? సెలవులన్నీ మానుకుని క్లాసులు తీసుకుంది. బద్ధకంగా తిరిగి ఉంటే ఇచ్చేవాళ్లా?"

ఆయన నిత్య వైపు తిరిగాడు. "అసలు ఎందుకు కావాలి నీకు ఇది?"

నిత్య ఇంగ్లిష్‌లో మెల్లగా చెప్పింది. తను హైస్కూల్‌లో ఉండగా ఒక చలికాలం మంచు పడి, రోజుల తరబడి కరెంటు పోయింది. మా అపార్ట్‌మెంట్లలో ఆక్సిజన్ మీద ఉన్న పెద్దవాళ్లను తీసుకెళ్లడానికి సైనికుల ట్రక్కు వచ్చింది. "ఒక అమ్మాయి మ్యాప్ పట్టుకుని, ఎవరిని ముందు ఎక్కించాలో, ఎటు వెళ్లాలో నిర్ణయించింది. అందరూ అరుస్తున్నారు, ఆమె మాత్రం అరవలేదు. ఆ పని నాకు కావాలి."

ఆ రోజు నేనూ మా బాల్కనీలో, తన పక్కనే దుప్పటి కప్పుకుని నిలబడ్డాను. నాకు చలి తప్ప ఏమీ గుర్తులేదు.

కెప్టెన్ కాసేపు పెన్ను తిప్పాడు. "మైనర్‌గా రెండో సబ్జెక్టు ఒకటి కలిపితే చదువు నాలుగు సెమిస్టర్లకు సాగుతుంది. దానికి అడ్వైజర్ ఒప్పుకోవాలి. స్కాలర్‌షిప్ బోర్డుకు ఫైళ్లు పంపడానికి ఇవాళే ఆఖరు."

మళ్లీ ఆ పార్కింగ్ లాట్ దాటాం. ఈసారి రిసెప్షన్ దగ్గర ఆగలేదు. నేనే అద్దం తలుపు తట్టాను. విషయం విని అడ్వైజర్ కళ్లజోడు తీసింది. "త్వరగా ముగించమని అడిగే తల్లిదండ్రుల్నే చూశాను. పొడిగించమన్నవాళ్లలో మీరే మొదటివాళ్లు."

నిత్య స్టాటిస్టిక్స్ మైనర్ ఎంచుకుంది. సంతకం అయింది. ఆఫీసు మూసేలోపు కెప్టెన్ చేతిలో పెట్టాం. ఇంకా మెడికల్ పరీక్ష ఉంది, బోర్డు నిర్ణయం వచ్చే నెల. ఈ దారిన రాబోయే వాళ్లకు ఒక్కటే చెబుతాను: మిగిలిన సెమిస్టర్ల సంగతి ముందే తేల్చుకోండి, అపాయింట్‌మెంట్ తీసుకోండి, టోపీ పెట్టుకోండి.

అయిదున్నర బస్సులో కూర్చోగానే మా ఆయన ఫోన్ చేశారు. "ఏమన్నారు? కుదరదన్నారా?" గొంతులో ఆశ దాచుకోలేకపోయారు.

"అన్నారు. కుదిర్చాను. ఫైలు బోర్డుకు వెళ్తోంది."

"మరి నిన్ను పంపింది ఎందుకు?"

"ఇంటికొచ్చాక చెప్తాను" అని పెట్టేశాను.

నిత్య కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది. "అమ్మా, నీకు ఓకేనా ఇది?"

"ఓకే కాదు. నాకు భయం. రేపు కూడా వద్దనే అంటాను" అన్నాను. "కానీ నిన్ను వద్దనాలంటే నేను అనాలి. వాళ్లెవరు అనడానికి?"

అది నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. రోజంతా తిరిగి తిరిగి కాళ్లు వాచిపోయాయి. నా చేతులతో నేనే నా కూతుర్ని సైన్యానికి ఒక అడుగు దగ్గరగా నెట్టాను. అయినా, ఎంత వెతుక్కున్నా, చేసినందుకు పశ్చాత్తాపం మాత్రం దొరకలేదు.