వీపుకు వీపు ఆనించమన్న టీచరుగారు

మా టీచరుగారు పోయారని మంగళవారం పొద్దున పొన్నూరు నుంచి ఆవిడ కోడలు ఫోన్ చేసి చెప్పింది. గుండెనొప్పి, ఆసుపత్రికి తీసుకువెళ్లే వ్యవధి కూడా దొరకలేదట. ఆ రోజు ఆవిడ మాట్లాడవలసిన తల్లుల జాబితా నా బల్ల మీదే ఉంది. మొదటి పేరుకు ఎదురుగా ‘సాయంత్రం ఆరు’ అని ఆవిడ చేతిరాత.

పసిపిల్లల తల్లుల కోసం మేము నడిపే ఫోన్ యాప్‌కు పాఠాలు రాయడం నా పని. వారానికోసారి ఆ తల్లులకు ఫోన్ చేసి, పాఠం ఇంట్లో ఎలా సాగుతోందో కనుక్కుని తోడ్పడడం ఆవిడ పని. కాగితాల మీద ఆ ఉద్యోగం పేరు కోచ్. ఏళ్ల తరబడి అంగన్‌వాడీలో పనిచేసి వచ్చిన మనిషి కనుక అందరికీ టీచరుగారే.

అడగవలసిన ప్రశ్నల కాగితాన్ని బోర్లించి పెట్టి ఫోన్ చేసేవారు. తల్లి తనంతట తాను ఏదో ఒకటి చెప్పుకున్నాకే దాన్ని తిప్పేవారు. నేను మందలిస్తే, “కాగితం ఎక్కడికీ పోదు లెండి మేడంగారూ. ఆ అమ్మాయే ఫోన్ పెట్టేసుద్ది” అనేవారు.

నిరుడు మిరప కోతల రోజుల్లో, ‘పని నుంచి రాగానే బిడ్డ బుగ్గలు నిమిరి దగ్గరకు తీసుకోండి’ అన్న నా పాఠం కింద, ‘చేశారా?’ అని యాప్ అడిగే ప్రశ్నకు ఒక తల్లి మూడు వారాలపాటు ‘లేదు’ అనే నొక్కింది. శ్రద్ధ లేదని తేల్చి, ఆమె చోటు మరొకరికి ఇద్దామన్నాను. టీచరుగారు ఒక్క ఫోన్‌కు గడువు అడిగి, నా ఎదుటే స్పీకరులో మాట్లాడారు.

చాలాసేపు ఎండ గురించి, కూలీల ఆటో గురించి మాటలు నడిచాయి. చివరికి ఆ తల్లే అంది: “ఎట్టా నిమిరేదండీ? కాయ కోసొచ్చిన చేతులు. ఎంత కడిగినా మంట పోదు. ఒకసారి ముట్టుకుంటే కళ్లు నలుపుకుని ఒకటే ఏడుపు. చేతులు ఎనక్కి పెట్టుకుంటన్నానా, ఇప్పుడు పిల్లే నా దగ్గరికి రావట్లేదు.”

“అయితే చేతులు వద్దులేమ్మా. పిల్లా నువ్వూ వీపుకి వీపు ఆనించి మంచం మీద కూర్చోండి. నువ్వు ఊగు, అదీ ఊగుద్ది.”

ఫోన్ పెట్టేశాక, “మీ యాప్‌ని ఒక్కపూట మిరపచేలోకి పంపండి మేడంగారూ” అని నవ్వారు. గుంటూరులో పుట్టి పెరిగిన నాకు ఆ మంట తెలియనిది కాదు. రాసేటప్పుడు గుర్తు రాలేదు. ఆ వాక్యం మారుస్తానని మాట ఇచ్చాను. మిగతా మార్పులతో కలిపి చేద్దామని వాయిదా వేశాను. ఆవిడ రెండుసార్లు గుర్తుచేశారు. మూడోసారి అడగలేదు. మళ్లీ కోతలు వచ్చాయి. వాక్యం అలాగే ఉంది.

జాబితాలో మొదటి పేరు ఆ తల్లిదే.

ఆరు గంటలకు కాగితం బోర్లించి ఫోన్ చేశాను. టీచరుగారేరని అడిగింది. చెప్పాను. “కళ్లు తుడుచుకోటానికి కూడా లేదండీ, ఈ చేతులతో” అంది.

ఆమె వెనక నుంచి పాప గొంతు వినిపించింది. “ఊగమ్మా.”

కాసేపటికి, మెల్లగా, మంచం కిర్రుమనడం మొదలైంది.